పెద్దమందడి సీమలో ఎన్నిక: గ్రామచరిత్రకారులకు కొన్ని సూచనలు

‘ఎన్నిక’ యను పదము ‘ఎన్ను’ ధాతువువలన గలిగినది. ఎన్నుట యనగా లెక్కించుట, తలచుట, గణ్యముగా జూచుట. ఓట్ల లెక్క యొకటి, ఓటరుల తలపు మఱియొకటి యని యీ పదమే మనకు జ్ఞాపకము చేయుచున్నది. అయినను గ్రామచరిత్రలు వ్రాయువారిలో పలువురు లెక్కను జూచి తలపును నిర్ణయించుచు, ‘ఈ యూరు ఫలానా పక్షము వారిది’ యని తీర్పు చెప్పుచున్నారు. ఈ పద్ధతి యెంతవఱకు యుక్తమో వనపర్తి జిల్లాలోని పెద్దమందడి ప్రాంతము నుదాహరణముగా గొని విచారింతము.

ఈ సీమ వనపర్తి, గద్వాల, కొల్లాపురము మున్నగు సంస్థానములకు బ్రసిద్ధము. నిజాము రాజ్యమున సామాన్య ప్రజల కందఱకు ఓటుహక్కు లేకుండెను. 1949 ఆగస్టు 15న జాగీరుల రద్దు శాసనము వచ్చినది. దానితో సంస్థానముల యేలుబడియు నంతరించినది. 1952లో వయోజనులందఱును దొలిసారిగా ఓటు వేసిరి. నాటి యర్హత 21 సంవత్సరములు. అభ్యర్థి కొక పెట్టె, పెట్టెపై గుర్తు. ఓటరు చీటిపై నేమియు గుర్తింపక తనకు నచ్చిన పెట్టెలో వేసిన జాలును. అక్షరము రానివాడును ఎవరి సాయము లేక తన మాట చెప్పగలిగెను.

ఆ యెన్నికలో వనపర్తినుండి గోలకొండ పత్రికా సంపాదకులు సురవరము ప్రతాపరెడ్డిగారు గెలిచిరి. షాద్‌నగరునుండి గెలిచిన బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రి యైరి. హైదరాబాదు శాసనసభలోని 175 స్థానములలో కాంగ్రెసునకు 93, ప్రజాతంత్ర కూటమికి 42 లభించెను. నల్లగొండ, వరంగల్లు జిల్లాలలో ఆ కూటమి ప్రాబల్యము హెచ్చు.

1962, 1967 సంవత్సరములలో వనపర్తి రాణి కుముదినీదేవిగారు కాంగ్రెసు పక్షమున అచటినుండి యెన్నికైరి. ఇది చూచి ‘ఈ సీమవారికి రాజభక్తి మెండు’ అని యొకరనవచ్చును. అట్లైనచో కోటకు జెందని పత్రికా సంపాదకుడు 1952లో నెట్లు గెలిచెను? తరువాతి చరిత్రయు నీ యనుమానమునే బలపఱచుచున్నది. 1989లో కాంగ్రెసు, 1994లో తెలుగుదేశము, 1999లోను 2004లోను కాంగ్రెసు, 2009లో తెలుగుదేశము, 2014లో కాంగ్రెసు, 2018లో తెలంగాణ రాష్ట్ర సమితి, 2023లో మరల కాంగ్రెసు అచట గెలిచినవి. 1994 మొదలు పక్షము మాఱని యెన్నిక 2004 ఒక్కటియే. ఇంతగా మాఱునది స్వభావ మెట్లగును?

మఱియొక విషయము. ఇవి నియోజకవర్గపు ఫలితములేగాని యొక యూరివి కావు. సరిహద్దులును కాలక్రమమున మాఱినవి. కాగితపు చీట్ల కాలమున పెక్కు పెట్టెల చీట్లను గలిపి లెక్కించిన యెన్నికలు గలవు. వానిలో నొక యూరి మొగ్గును వేఱుచేసి చూపుట యసాధ్యము.

ఇక ఓటింగు శాతము. శాతమునకు భాజక మోటరుల పట్టిక. 1952 పట్టికలలో తమ పేరు చెప్పక ఫలానావాని భార్య, ఫలానావాని కూతురు అని మాత్రమే చెప్పిన స్త్రీలు దేశమున సుమారు 28 లక్షల మంది, ముఖ్యముగా నుత్తరదేశమువారు. వారి పేర్లు తొలగింపబడెను. భాజకము తగ్గినప్పుడు శాతము పెరిగి కనబడును. పాలమూరు సీమలో దీనికి విపరీతము జరిగినది. ఇచటి కూలీలు ఆనకట్టల పనులకును దూరనగరములకును వలస పోయిరి. పేరు పట్టికలో నున్నది. మనిషి యూరిలో లేడు. వేయిమంది ఓటరులున్న యొక యూరిని గల్పించుకొందము. ఏడువందల మంది ఓటు వేసినచో నూటికి డెబ్బది. ఇన్నూరుమంది వలస పోయి యుండినచో, ఊరనున్న యెనిమిదివందలలో నది నూటికి ఎనుబదియేడున్నర. మొదటి లెక్క పట్టుకొని యా యూరిని నిరాసక్తమనుట కడుపుకై వెడలిన వానిపై నింద మోపుటయే. 2023లో తెలంగాణమంతట ఓటింగు 71.34 శాతము కాగా, హైదరాబాదు జిల్లాలో సగమునకు దక్కువ. ఓటుపై శ్రద్ధ చదువును బట్టియే యుండునను వాదమున కిది యనుకూలము కాదు.

గ్రామమున పలుకుబడి గలవారును మాఱిరి. పటేలు పట్వారీల పదవులు 1984లో రద్దయ్యెను. 1959లో షాద్‌నగరున బ్రారంభమైన పంచాయతీరాజ్యమును, 1986 తరువాతి మండల పరిషత్తులును క్రొత్త నాయకులకు ద్రోవ చూపినవి. పెద్దమందడి మండలాధ్యక్షులుగా నుండిన తూడి మేఘారెడ్డిగారు 2023లో పక్షము మాఱి, కాంగ్రెసు తరపున వనపర్తి శాసనసభ్యులైరి. వెంట వచ్చినవారు మనిషిని జూచి వచ్చిరా, పక్షమును జూచి వచ్చిరా? అంకెలు దీనికి బదులు చెప్పజాలవు.

కావున గ్రామచరిత్రకారులు మూడింటిని వేర్వేఱుగా వ్రాయవలెను: పట్టికలోని సంఖ్య, ఎన్నికనాడు ఊరనున్న వారి సంఖ్య, ఓటు వేసినవారి సంఖ్య. యంత్రములు వచ్చినపిదప పోలింగు కేంద్రముల వారీగా దొరకు లెక్కలను దక్కిన కాలపు లెక్కలతో గలుపరాదు. తొలి యెన్నిక నెఱిగిన వృద్ధులు మిక్కిలి యరుదైరి; వారినోట నాటి పెట్టెల సంగతి, కట్టుబాట్ల సంగతి యిప్పుడే వ్రాసికొనవలెను. ఎవరికి ఓటు వేసితిరని మాత్ర మడుగరాదు. రహస్యముగా ఓటు వేయు హక్కు వారికి గలదు. దానిని గాపాడుట చరిత్రకారునికిని ధర్మము.