నీటి కాఠిన్యం: సబ్బు చెప్పినదీ, చెప్పనిదీ

నగరాల శివార్లలోని ఇండ్లలో కుళాయి నీటిని గురించి వినవచ్చే ఫిర్యాదులు సాధారణంగా ఒకే తీరున ఉంటాయి. సబ్బు నురగ రాదు. పప్పు ఎంతసేపటికీ ఉడకదు. నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు కడుతుంది. కుళాయి మూతి చుట్టూ సున్నపు పూత పేరుకొంటుంది. ఇట్టి నీటిని కఠినజలం అంటారు. సబ్బుకు వెంటనే నురగ నిచ్చే నీరు మృదుజలం. అయితే 'ఈ నీరు కఠినమైనదా?' అనే ప్రశ్నా, 'ఈ నీరు తాగదగినదేనా?' అనే ప్రశ్నా ఒకటేనా? ఇవి రెండూ వేరు వేరు ప్రశ్నలని తెలుసుకొనడానికి మానవుడికి చాల కాలం పట్టింది. ఆ చరిత్రలోని ముఖ్య ఘట్టాలు కొన్ని లండను నగరంలోనూ దాని శివార్లలోనూ జరిగినవి.

లండను పరిసరాలలో భూమి అడుగున సుద్దరాతి పొరలు విస్తారంగా ఉన్నవి. సుద్ద అంటే కాల్షియం కార్బొనేటు. శుద్ధమైన నీటిలో ఇది దాదాపు కరగదు. మరి బావినీటిలోనికి ఎట్లా చేరుతున్నది? 1756 లో జోసెఫ్ బ్లాక్ అనే శాస్త్రజ్ఞుడు సున్నపురాయిలో ఇమిడి ఉన్న 'స్థిరవాయువు'ను గురించి తన పరిశోధనలను ప్రకటించినాడు. దానినే నేడు మనం కార్బన్ డయాక్సైడు అంటున్నాము. 1767 లో హెన్రీ కావెండిష్ లండనులోని రాత్‌బోన్ ప్లేస్ అనే చోట పంపు నీటిని పరీక్షించి ఫలితాలను వెల్లడించినాడు. ఆ నీటిని కాచితే వాయువు వెలువడి, తెల్లని మన్ను విడిపోయింది. నీటిలో మిక్కుటంగా ఉన్న స్థిరవాయువే ఆ సున్నపు మన్నును కరిగించి పట్టి ఉంచుతున్నదని ఆయన తేల్చినాడు. నీటికి సున్నపు తేట కలిపినా ఆ మన్ను విడిపోతుందని కూడ ఆయన గమనించినాడు.

ఈ విషయాన్ని ఇంటింటికీ ఉపయోగపడే పనిగా మలచినవాడు థామస్ క్లార్క్. ఆయన స్కాట్లండులోని ఆబర్డీన్ నగరంలో, మారిషల్ కళాశాలలో రసాయనశాస్త్రాచార్యుడు. సున్నంతో నీటిని మెత్తబరచే పద్ధతికి 1841 లో పేటెంటు పొందినాడు. సున్నం ఎక్కువై చెడిన నీటికి మరికొంత సున్నం కలపడమేమిటని ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది. కాని ఇది ముల్లును ముల్లుతో తీయడం వంటిది. నీటిలో కరిగి ఉన్నది కాల్షియం బైకార్బొనేటు. కలిపిన సున్నం దానితో కలిసి, ఆ కాల్షియమూ తనలోని కాల్షియమూ కూడ కరగని కార్బొనేటుగా మారి అడుగుకు దిగిపోయేటట్లు చేస్తుంది. పైన తేరిన నీరు మెత్తబడుతుంది. కాచినప్పుడు విడిపోయే ఈ కాఠిన్యాన్ని తాత్కాలిక కాఠిన్యం అంటారు. కాల్షియం, మెగ్నీషియం లోహాల సల్ఫేట్లూ, క్లోరైడులూ కలిగించే కాఠిన్యం మరిగించినా పోదు. అది శాశ్వత కాఠిన్యం.

ఏ నీరు ఎంత కఠినమో కొలవడానికి క్లార్క్ సబ్బునే సాధనంగా తీసుకొన్నాడు. కఠినజలంలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారతాయి. అవి తీరిన తరువాత గాని నురగ నిలవదు. కాబట్టి ఒక సీసాలో కొలిచిన నీరు పోసి, బలం తెలిసిన సబ్బు ద్రావణాన్ని కొద్దికొద్దిగా చేరుస్తూ కుదిపి, అయిదు నిమిషాలు నురగ నిలవడానికి ఎంత ద్రావణం పట్టిందో చూస్తే కాఠిన్యం తెలుస్తుంది. ఒక గాలను నీటిలో ఒక గ్రెయిను సుద్దకు సమానమైన కాఠిన్యం ఉంటే దానిని ఒక 'క్లార్క్ డిగ్రీ' అన్నారు. అది లీటరుకు సుమారు 14 మిల్లీగ్రాములు.

ఆ రోజులలో ఈ కొలతకు గొప్ప విలువ ఉండేది. బ్రిటనులో 1853 వరకు సబ్బు మీద పన్ను ఉండేది. కఠినజలంలో వృథా అయిన సబ్బు పేదవాని సంసారానికి బరువు. 1850 లో అక్కడి ఆరోగ్యమండలి తన నివేదికలో లండనుకు థేమ్స్ నదీజలాన్ని మాని, సర్రీ ప్రాంతపు ఇసుకనేలల మృదుజలాన్ని తేవాలని సిఫారసు చేసింది. ఆ సలహా అమలు కాలేదు. కాని 1854 లో లండనుకు తూర్పున ప్లమ్‌స్టెడ్ అనే శివారులో, సుద్దరాతి బావి నుండి తోడిన నీటిని క్లార్క్ పద్ధతిలో మెత్తబరచి ఇండ్లకు సరఫరా చేసినారు. ఒక జనావాసానికంతటికీ ఈ పద్ధతిని వినియోగించడం అదే మొదలు.

అదే 1854 లో ఆగస్టు చివర లండను నడిబొడ్డున సోహో ప్రాంతంలో కలరా పెచ్చు పెరిగింది. పది రోజులలో 500 మందికి పైగా చనిపోయినారు. జాన్ స్నో అనే వైద్యుడు మృతుల ఇండ్లను ఒక్కొక్కటిగా విచారించి, బ్రాడ్ వీధిలోని పంపు నీరే కారణమని నిర్ణయించినాడు. సెప్టెంబరు 8 న ఆ పంపు పిడిని ఊడదీసినారు. ఈ పంపు, కావెండిష్ పరీక్షించిన రాత్‌బోన్ ప్లేస్‌కు మైలు దూరం లోపలనే ఉన్నది. విశేషమేమనగా, ఈ నీరు చెడ్డదని పేరు పడినది కాదు. దూరాన హాంప్‌స్టెడ్‌లో కాపురమున్న ఒక వితంతువు ఈ నీరంటే ఇష్టపడి, బండి మీద సీసాతో తెప్పించుకొని తాగేది. ఆమె కూడ కలరాతో మరణించింది. ఆమె ఇంటి చుట్టుపట్ల వ్యాధి లేనే లేదు.

సబ్బు పరీక్ష ఆమెను కాపాడగలిగేదా? కాపాడలేదు. కలరా క్రిమి సబ్బుతో కలిసి తెట్టు కట్టదు. రుచికీ అందదు. స్నో తన సూక్ష్మదర్శినితో చూచినా దోషి స్పష్టంగా పట్టుబడలేదు. మృతుల లెక్కలే దానిని పట్టించినవి. రాబర్ట్ కాఖ్ కలరా క్రిమిని వేరు చేసి లోకానికి చూపినది 1884 లో.

ఇటువంటి పాఠమే మన తెలుగునాట మరొక రూపంలో ఎదురైనది. 1937 లో నాటి నెల్లూరు జిల్లా గ్రామాలలో ఎముకలు బిగుసుకొనిపోయే వ్యాధిని వైద్య పరిశోధకులు వర్ణించినారు. తాగునీటిలో మితిమీరిన ఫ్లోరైడు దానికి కారణం. ఆ తరువాత నల్లగొండ ప్రాంతం ఇదే వ్యాధికి దేశమంతటా తెలిసిపోయింది. ఫ్లోరైడు నీటికి రంగు నివ్వదు, వాసన నివ్వదు. పైగా కాల్షియం తక్కువగా ఉన్న నీటిలోనే అది ఎక్కువగా కరిగి నిలుస్తుంది. అంటే సబ్బుకు చక్కగా నురగ నిచ్చే నీరే ఎముకలకు శత్రువు కావచ్చును. ఇట్టి నీటిని కాచినందువల్ల ప్రయోజనం లేదు. నీరు ఇగిరినకొద్దీ ఫ్లోరైడు చిక్కబడుతుంది.

2012 నాటి భారతీయ ప్రమాణంలో ఈ భేదం చక్కగా కనిపిస్తుంది. కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపల ఉండడం మేలు. వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు అనుమతింపవచ్చును. ఫ్లోరైడు ఒక మిల్లీగ్రామును మించరాదు. గత్యంతరం లేనప్పుడు ఒకటిన్నర. మలసంబంధమైన ఇ. కోలై క్రిమి మాత్రం 100 మిల్లీలీటర్ల నీటిలో ఒక్కటి కూడ కనిపించరాదు. కాఠిన్యం విషయంలో ఉన్న సడలింపు క్రిముల విషయంలో లేదు.

విద్యార్థులు క్లార్క్ పరీక్షను తరగతిలోనే చేయవచ్చును. మూడు సమానమైన సీసాలలో వాననీరు, కుళాయి నీరు, కాచి చల్లార్చి వడకట్టిన కుళాయి నీరు సమాన పరిమాణంలో తీసుకొని, నురగ నిలిచేవరకు సబ్బు ద్రావణపు చుక్కలు లెక్కించాలి. బట్టల పొడి పనికిరాదు, సబ్బే కావాలి. రెండవ, మూడవ లెక్కలకు గల తేడా తాత్కాలిక కాఠిన్యాన్ని తెలుపుతుంది. ఆ లెక్కలు పలకమీద వ్రాసిన పిమ్మట ఉపాధ్యాయుడు ఈ మూడింటిలో తాగదగిన నీరు ఏదని అడగాలి. సబ్బు చుక్కలను బట్టి దానికి సమాధానం చెప్పలేమని విద్యార్థులు గ్రహించి, కాలనీ నీటిని క్రిములకూ ఫ్లోరైడుకూ వేరుగా పరీక్ష చేయించమని పెద్దలతో చెబితే, ఆ పాఠం ఫలించినట్లే.