అగ్గిపుల్లలు, స్ట్రా బూరలు, అడిగే అలవాటు

హేతువాద సభల్లో అందరికీ నచ్చే కార్యక్రమం ఒకటుంది. గాల్లోంచి విబూది తీయడం, నాలుక మీద కర్పూరం వెలిగించుకోవడం, కొబ్బరికాయలోంచి పూలు రప్పించడం. ముందు చేసి చూపిస్తాం, తర్వాత కిటుకు చెబుతాం. జనం చప్పట్లు కొడతారు. అలాంటి సభల్లో నేనూ చాలాసార్లు పాల్గొన్నాను. ప్రతిసారీ ఒక అనుమానం మిగిలిపోతుంది. నిన్న బాబా చెప్పింది నమ్మిన మనిషి ఇవాళ మనం చెప్పింది నమ్మాడు, అంతేనా? చెప్పేవాడు మారాడు గాని, వినేవాడు మారాడా?

వినేవాడు మారాలంటే చిన్నతనంలోనే కళ్లతో చూసి, చెవులతో విని, వేళ్లతో తడిమి తేల్చుకునే అలవాటు పడాలి. ఆ పని కోసం మన దేశంలో జరిగిన ఒక పెద్ద ప్రయత్నం గురించి మనవాళ్లలో కూడా చాలామందికి తెలియదు.

ఇంద్రియాల ద్వారా చదువు అన్న ఆలోచన మనకు పాతదే. 1907లో రోమ్‌లో పేదపిల్లల కోసం బడి తెరిచిన మారియా మాంటిస్సోరి గరుకు, నునుపు పలకలూ, ఊపితే ఒక్కోటి ఒక్కోలా మోగే డబ్బాలూ పిల్లల చేతికిచ్చారు. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా ఈ దేశంలోనే ఉండిపోయారు. ఆమెను పిలిచింది దివ్యజ్ఞాన సమాజం. కంటికి కనబడని గురువుల నుంచి ఉత్తరాలు వస్తాయని నమ్మినవాళ్లే కంటితో చూసి నేర్చుకునే చదువును ఆహ్వానించారు! చరిత్రలో ఇలాంటి తమాషాలు తప్పవు. అయితే ఆ సామగ్రి కచ్చితమైన కొలతలతో చేయించాల్సినది, ఖరీదైనది. పల్లెల్లోని సర్కారు బడులకు అందలేదు. మన పట్నాల్లో చివరికి మాంటిస్సోరి అన్నది ప్రైవేటు బడుల బోర్డు మీద పేరుగా మిగిలింది.

ఆ లోటు తీర్చే ప్రయత్నం 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో మొదలైంది. శాస్త్రవేత్తగా పనిచేస్తూ ఆ ఉద్యోగం వదులుకొని వచ్చిన అనిల్ సద్గోపాల్ నడిపిన కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలిసి 16 ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలల్లో సైన్సు చెప్పే పద్ధతే మార్చేశాయి. పిల్లలు నలుగురేసి గుంపుగా కూర్చుని ప్రయోగం చేయాలి. ఏం జరిగిందో తమ మాటల్లో రాసుకోవాలి. వాళ్ల 'బాల్ వైజ్ఞానిక్' పుస్తకంలో ప్రశ్నలుంటాయి గాని, బట్టీ పట్టడానికి జవాబులుండవు. పరీక్షకు పుస్తకం తీసుకెళ్లొచ్చు, ప్రయోగం మాత్రం చేసి చూపాలి. సవాలీరామ్ అనే కల్పిత వ్యక్తి పేరుకు పిల్లలు ప్రశ్నలు రాసి పంపితే జవాబులు వచ్చేవి. "పెద్దవాళ్లకు ఎదురు ప్రశ్న వేయకు" అని పెంచే దేశంలో ఇది చిన్న విషయం కాదు. 1978లో ఈ కార్యక్రమం జిల్లా అంతటికీ విస్తరించింది. 1982లో ఏకలవ్య సంస్థ పుట్టి దాన్ని ముందుకు తీసుకెళ్లింది.

సరిగ్గా 1978లోనే, కాన్పూర్ ఐఐటీలో చదివి టెల్కోలో ఇంజనీరుగా పనిచేస్తున్న అరవింద్ గుప్తా ఏడాది సెలవు పెట్టి అక్కడికి వెళ్లారు. ఊరి సంతలో దొరికే సైకిలు వాల్వు ట్యూబును చిన్న ముక్కలుగా కోసి, అగ్గిపుల్లల్ని వాటిలో గుచ్చి ఆకారాలు కట్టారు. మూడు పుల్లల త్రిభుజాన్ని నొక్కండి, కదలదు. నాలుగు పుల్లల చతురస్రాన్ని నొక్కండి, పక్కకు ఒరిగిపోతుంది. ఇంటి కప్పు దూలాల్లో, వంతెనల్లో త్రిభుజాలు ఎందుకుంటాయో వేళ్లకే తెలిసిపోతుంది. ఆయన పుస్తకాలు తెలుగుతో సహా ఎన్నో భాషల్లోకి వచ్చాయి.

ఇంకా చిన్నపిల్లలకైతే స్ట్రా బూర చాలు. స్ట్రా ఒక కొనను పళ్లతో నొక్కి చదును చేసి, రెండు పక్కలా ఏటవాలుగా కత్తిరించి ఊదితే మోగుతుంది. మన కొబ్బరాకు బూరకు ఇది చుట్టమే. ఊదుతూ ఉండగా రెండో కొన నుంచి కొంచెం కొంచెం కత్తిరిస్తూ పోతే శబ్దం సన్నబడుతుంది. పొట్టి గొట్టంలో గాలి మరింత వేగంగా కంపిస్తుందన్న సంగతి తర్వాత చెప్పుకోవచ్చు, ముందు చెవికి తెలియాలి. ఖాళీ అగ్గిపెట్టెల్లో బియ్యం, ఇసుక, గుండీలు విడివిడిగా వేసి, గట్టిగా అంటించి ఊపిస్తే మరో ఆట. ఏ పెట్టెలో ఏముందో ముందు ఊహ చెప్పించాలి, తర్వాతే తెరిచి చూపాలి. ఊహ తప్పితే సిగ్గుపడనక్కర్లేదు. మళ్లీ ఊపి చూడాలి, అంతే. ఇలాంటివన్నీ పెద్దవాళ్లు దగ్గరుండి ఆడించాలి. అగ్గిపుల్లల మందు ముందే గీకేయాలి.

ఈ ఆటల వల్ల ఒరిగేదేమిటి అంటారా? 1995 సెప్టెంబర్ 21 గుర్తు చేసుకోండి. వినాయకుడు పాలు తాగుతున్నాడని దేశమంతా చెంబులతో గుళ్ల ముందు బారులు తీరింది. చదువుకున్నవాళ్లూ ఆ వరుసల్లో ఉన్నారు. చెంచా అంచు విగ్రహానికి తగలగానే తలతన్యత వల్ల పాలు రాతి మీదికి లాగబడి, పలుచటి పొరగా కిందికి జారాయి. శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి చూపేసరికి ఆ ధార బయటపడింది. రూపాయి బిళ్ల మీద ఎన్ని నీటిచుక్కలు నిలుస్తాయో లెక్కపెట్టి, నీరు గోపురంలా ఉబ్బడం చూసి, సబ్బు తగిలించగానే అది కూలిపోవడం చూసిన పిల్లాడు ఆ రోజు ఏం అడిగేవాడు? "కింద చూద్దాం, నేల తడిసిందా?" అని. హేతువాదానికి ఆ ఒక్క ప్రశ్న చాలు.

మరి హోషంగాబాద్ ఏమైంది? 30 ఏళ్లు నడిచిన ఆ కార్యక్రమాన్ని 2002లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఆపేసింది. పిల్లలను అడగనివ్వడం ప్రభుత్వాలకు ఎప్పుడూ అంత ముఖ్యమైన పని కాదు.

అయినా ఆ దారి మూసుకుపోలేదు. 2003 నుంచి 2014 దాకా గుప్తా పుణెలోని ఐయూకా సంస్థ పిల్లల విజ్ఞాన కేంద్రంలో చెత్తలోంచి బొమ్మలు చేయిస్తూ గడిపారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఐయూకాను స్థాపించిన జయంత్ నార్లికర్ 2008లో నరేంద్ర దభోల్కర్ తదితరులతో కలిసి జ్యోతిష్యాన్ని పరీక్షకు పెట్టారు. తెలివైన విద్యార్థుల జాతకాలు, మానసిక వైకల్యం ఉన్న పిల్లల జాతకాలు కలిపి ఇస్తే, 27 మంది జ్యోతిష్కులు సరిగ్గా చెప్పింది సగటున 46 శాతం. బొమ్మ-బొరుసు వేసినా 50 వస్తుంది! ఆలోచిస్తే ఇది అగ్గిపెట్టె ఆటే. ముందు ఊహ చెప్పు, తర్వాత పెట్టె తెరువు. పెట్టె తెరవమన్న దభోల్కర్‌ను 2013లో అదే పుణెలో కాల్చి చంపారు.

అందుకే నేను చెప్పేదొకటే. బాబాల కిటుకులు బయటపెట్టడం మానొద్దు. కానీ ఈసారి సభకు విబూదితో పాటు ఒక కట్ట స్ట్రాలు, నాలుగు కత్తెరలు కూడా తీసుకెళ్లండి. చప్పట్లు తగ్గవచ్చు. బూరల గోల మాత్రం గట్టిగా ఉంటుంది.