చట్రము కొలత: ఛాయాగ్రహణ చరిత్రలో ఒక పాత ప్రశ్న

మంచి కెమేరా కొనదలచి అంగడికి పోయినవారికి నేడు రెండు పేర్లు తరచుగా వినబడును. ఒకటి ఫుల్ ఫ్రేమ్. రెండవది మీడియమ్ ఫార్మాట్. మొదటి తరగతి కెమేరాలలో బొమ్మ పడు సెన్సారు 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు గలది. రెండవ తరగతిలో అది సాధారణముగా 44 × 33 మి.మీ. ఉండును. రెండవదానికి వెల హెచ్చు, బరువును హెచ్చు. పెద్దది గనుక అదియే మేలని కొందరు, ఆ మాత్రపు తేడాకు అంత సొమ్ము దండుగయని మరికొందరు వాదింతురు.

ఇరువురి వాదము వినుటకు ముందు మనము వేసికొనవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. ఈ 36, 24 అను అంకెలు ఎచ్చటనుండి వచ్చినవి? ఆ చట్రము 'పూర్తి' చట్రమెట్లయినది? 44 మి.మీ. చట్రము 'మధ్యమము' అనబడుచున్నదే, అది వేనికి మధ్య? ఈ పేర్ల వెనుక నూరేండ్లకు పైబడిన చరిత్ర కలదు. ఆ చరిత్ర తెలిసినవాడు పేర్లను చూచి మోసపోడు.

గాజు పలకల కాలము

పందొమ్మిదవ శతాబ్దమున ఛాయాచిత్రమును పెద్దది చేసి ముద్రించుట సులభముగా ఉండలేదు. ముద్రణ కాగితము మందకొడిది. దానికి తగినంత బలమైన కృత్రిమ దీపములు అరుదు. అందువలన గాజు పలక మీద వచ్చిన ప్రతికూల చిత్రమును కాగితమునకు ఆనించి, ఎండలో ఉంచి ముద్రించెడివారు. పలక ఎంతయో బొమ్మయు అంతే. గోడకు వ్రేలాడదీయు బొమ్మ కావలెనన్నచో అంత పలకయు, ఆ పలక పట్టునంత కెమేరాయు, దానిని మోయుటకు మనుష్యులును కావలెను.

మన హైదరాబాదులో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) పనిచేసినది ఈ పద్ధతిలోనే. ఆయన తీసిన గాజు పలకలు వేలకొలది నేటికిని న్యూఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా ఉన్నవి. వానిలో కట్టడముల చెక్కడపు పని ఎంత స్పష్టముగా కనబడునో చూచినవారెల్లరు ఎరుగుదురు. ఆ స్పష్టతకు ఒక ముఖ్యకారణము పలక వైశాల్యమే. పెంచి చూపవలసిన అవసరము లేని బొమ్మలో కటకపు దోషములును, రసాయనపు రేణువులును కంటికి కనబడవు.

పెద్ద చట్రము మంచిదను నమ్మకము పుట్టినది ఈ కాలమునందే. ఆనాటికి ఆ నమ్మకము సత్యము.

సగమునకు కోసిన ఫిల్ము

1889లో జార్జి ఈస్ట్‌మన్ సంస్థ సెల్యులాయిడుతో చేసిన చుట్టఫిల్మును అమ్మజొచ్చెను. ఎడిసన్ ప్రయోగశాలలో కదలు బొమ్మల కొరకు పాటుపడుచున్న విలియమ్ డిక్సన్ ఆ ఫిల్మునే తీసికొనెను. 70 మి.మీ. వెడల్పు గల పట్టీని నిలువున రెండుగా కోసిన 35 మి.మీ. పట్టీ వచ్చినది. దానికి ఇరువైపుల రంధ్రములు చేయగా నడుమ మిగిలిన జాగాలో పట్టిన బొమ్మ సుమారు 24 × 18 మి.మీ. సినిమా చట్రము ఆ విధముగా ఏర్పడినది. దీనిలో ప్రకృతి నియమమేదియు లేదు. ఉన్న సరకును పొదుపుగా వాడుకొనుటయే కలదు.

జర్మనీలోని వెట్జ్‌లార్ పట్టణమున ఎర్నెస్ట్ లైట్స్ వారి సూక్ష్మదర్శినుల కర్మాగారములో ఆస్కార్ బార్నాక్ అను యంత్రనిపుణుడు ఉండెను. ఆయనకు ఉబ్బసపు వ్యాధి. పలకల కెమేరాను మోసికొని కొండలెక్కుట ఆయన వలన కాలేదు. 1914 నాటికి ఆయన సినిమా ఫిల్మును అడ్డముగా నడిపించు చిన్న కెమేరా నమూనాను చేసెను. రెండు సినిమా చట్రములను ప్రక్క ప్రక్కన చేర్చి ఒక బొమ్మగా వాడెను. 18 మి.మీ. రెండింతలైనచో 36. నేడు మనము 'పూర్తి' యనుచున్న 36 × 24 మి.మీ. చట్రమునకు జన్మకథ యిదియే.

మొదటి ప్రపంచయుద్ధము వలనను, తరువాతి ఆర్థికపు చిక్కుల వలనను ఆ యంత్రము వెంటనే అంగడికి రాలేదు. 1925 వసంతకాలమున లైప్‌జిగ్ సంతలో అది 'లైకా' అను పేరుతో వెలువడెను. చిన్న చట్రమును పదింతలు పెంచవలెను గనుక దానికి తగిన పదునైన కటకము కావలసియుండెను. దానిని లైట్స్ సంస్థలోని మాక్స్ బెరెక్ రూపొందించెను. మంచి కటకము తోడైనచో చిన్న చట్రమును పెద్ద బొమ్మనీయగలదని లైకా నిరూపించినది.

రెంటికి నడుమ

పలకలకును, 35 మి.మీ. ఫిల్మునకును నడుమ ఇంకొక ఫిల్ము ఉండెను. 1901లో కోడాక్ వారు ప్రవేశపెట్టిన '120' ఫిల్ము వెడల్పు ఆరు సెంటీమీటర్లకు కొంచెము హెచ్చు. మధ్యమ చట్రము, అనగా మీడియమ్ ఫార్మాట్, అనునది ఈ ఫిల్ము వాడు కెమేరాలకు స్థిరపడిన పేరు. 1929లో వచ్చిన జర్మనుల రోలైఫ్లెక్స్, 1948లో వచ్చిన స్వీడను దేశపు హాసెల్‌బ్లాడ్ ఈ తరగతిలోనివి. వాని చట్రము సుమారు 56 × 56 మి.మీ.

ఇచ్చట ఒక లెక్క చేయుదము. 36 × 24 చట్రపు వైశాల్యము 864 చదరపు మి.మీ. 56 × 56 చట్రపు వైశాల్యము 3136. అనగా సుమారు 3.6 రెట్లు. 24 సెంటీమీటర్ల యెత్తు గల బొమ్మను ముద్రింపవలెనన్నచో చిన్న చట్రమును 10 రెట్లు పెంచవలెను. మధ్యమ చట్రమును 4.3 రెట్లు పెంచిన చాలును. ఫిల్ములోని వెండి రేణువు రెండింటిలో ఒకే పరిమాణముది గనుక పెంపు తక్కువైనచోట రేణువు కనబడదు.

ఈ లాభము సామాన్యము కాదు. 1969 జూలైలో అపోలో-11 వ్యోమగాములు చంద్రుని నేలను హాసెల్‌బ్లాడ్ కెమేరాతో ఫోటోలు తీసిరి. మరల పోయి తీయుటకు వీలుకాని బొమ్మలవి. అట్టి చోట హెచ్చు వివరమును పట్టు పెద్ద చట్రమును కోరుట న్యాయమే. యుద్ధరంగములలోను, వీథులలోను, ఆటస్థలములలోను పనిచేయు విలేఖరులు మాత్రము చిన్న చట్రమునే చేపట్టిరి. వారికి క్షణము ముఖ్యము. చేతికందని పెద్ద కెమేరా కంటె చేతిలోనున్న చిన్న కెమేరా మేలుగదా!

సిలికాను వచ్చుట

మానవుడు చంద్రునిపై కాలుమోపిన 1969వ సంవత్సరముననే, అక్టోబరులో, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విలార్డ్ బోయిల్, జార్జి స్మిత్ అను శాస్త్రజ్ఞులు సి.సి.డి. అను సిలికాను పరికరమును ఊహించిరి. కాంతి సిలికాను మీద పడినపుడు ఎలక్ట్రానులు విడివడును. వానిని చిన్న చిన్న గదులలో కూడబెట్టి వరుసగా లెక్కించినచో బొమ్మ ఏర్పడును. ఇందులకు వారికి 2009లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమానములో భాగము లభించినది. 1975లో కోడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ ఇట్టి పరికరముతో మొదటి చేతి డిజిటల్ కెమేరా చేసెను. దానిలో గదులు 10,000 మాత్రమే. ఒక బొమ్మను టేపు మీద నమోదు చేయుటకు 23 సెకనులు పట్టెను.

ఫిల్మును ఎంత వెడల్పునైనను చౌకగా పోయవచ్చును. సిలికాను అట్టిది కాదు. పలుచని సిలికాను బిళ్ల మీద ఎచ్చటనో ఒక దోషముండును. సెన్సారు పెద్దదైనకొలది అందులో దోషము పడు అవకాశము పెరుగును; దోషము పడిన సెన్సారును పారవేయవలెను. అదియుగాక బిళ్ల మీద రేఖలను దించు యంత్రము ఒక పర్యాయము సాధారణముగా 26 × 33 మి.మీ. మేరకు మించి దింపజాలదు. 36 మి.మీ. పొడవు కావలెనన్నచో ముక్కలుగా దించి, అతుకు తెలియకుండ కలుపవలెను. పెద్ద సెన్సారుల వెల వైశాల్యమును మించి పెరుగుటకు కారణములివియే.

అందుచేత తొలి డిజిటల్ కెమేరాలలో చట్రము కుంచించుకొనిపోయెను. 1991లో కోడాక్ అమ్మిన కెమేరా దేహము 35 మి.మీ. ఫిల్ముదే, దానిలోని సెన్సారు మాత్రము దాదాపు 20 × 16 మి.మీ. పాత కటకములు అమర్చినచో బొమ్మ మధ్యభాగమే చిక్కెడిది. 2002లో కాంటాక్స్, కానన్ సంస్థల కెమేరాలలో 36 × 24 మి.మీ. సెన్సారు వచ్చినపుడు కటకము చూపు బొమ్మ మొత్తము మరల దక్కినది. 'ఫుల్ ఫ్రేమ్' అను మాట ఆ సంతోషములోనుండి ప్రచారమునకు వచ్చినది. 'పూర్తి' యనగా పాత ఫిల్ముతో సమానమని అర్థము. అంతకు మించి పెద్దది లేదని కాదు.

మధ్యమ చట్రములకును ఇదే గతి పట్టినది. 2014లో వచ్చిన 5 కోట్ల పిక్సెళ్ల సెన్సారు కొలత 44 × 33 మి.మీ. చేతబట్టి తీయదగిన హాసెల్‌బ్లాడ్ ఎక్స్1డి (2016), ఫుజీఫిల్మ్ జి.ఎఫ్.ఎక్స్. 50ఎస్ (2017) కెమేరాలలోను ఇదే కొలత. పేరు మాత్రము పాతదే. చట్రము పాతది కాదు. 44 × 33 అనగా 1452 చదరపు మి.మీ. ఫుల్ ఫ్రేమునకు 1.7 రెట్లు మాత్రమే. ఫిల్ము కాలమున 3.6 రెట్లుండిన తేడా సగమునకు తగ్గినదన్నమాట. పాత పేరు చూచి పాత లాభమును ఆశించుట పొరపాటు.

వాననీటి లెక్క

వానలో రెండు తాంబాళములు పెట్టితిమనుకొందము. పెద్ద తాంబాళములో హెచ్చు నీరు పడును. కాంతియు చినుకుల వలె ఫోటానులుగా పడును. అవి సమముగా పడక ఎక్కువ తక్కువలుగా పడును. ఒక చోట 10,000 ఫోటానులు పడవలసియున్నచో, వర్గమూలమైన 100 మేరకు హెచ్చుతగ్గులుండును. అనగా నూటికి ఒకటి. 17,000 పడినచో హెచ్చుతగ్గు 130. అనగా నూటికి 0.77. చీకటి భాగములలో కనబడు ఇసుక వంటి మచ్చలు ఈ హెచ్చుతగ్గులే. 1.7 రెట్ల వైశాల్యము వలన కలుగు శుభ్రత 1.3 రెట్లు మాత్రమేయని విద్యార్థులు గమనింపవలెను.

ఆ లాభమును ఎల్లప్పుడు దక్కునది కాదు. 50 మి.మీ. నాభ్యంతరము, ఎఫ్-2 కొలత గల కటకపు ద్వారవ్యాసము 25 మి.మీ. అదే దృశ్యమును 44 × 33 చట్రములో నింపవలెనన్నచో 63 మి.మీ. కటకము కావలెను. దాని ద్వారవ్యాసమును 25 మి.మీ. అయినచో అది ఎఫ్-2.5 కటకమగును. దృశ్యమునుండి లోపలికి వచ్చు కాంతి రెండింటిలో సమానమే. ముందు వెనుకల మసకయు సమానమే. పెద్ద తాంబాళము పెట్టితిమిగాని నీరు వచ్చు రంధ్రము అంతే! కాంతి సమృద్ధిగానుండి, వస్తువు కదలక, ఎక్కువసేపు తెరచి ఉంచుటకు వీలున్నపుడే పెద్ద సెన్సారు తన బలమును చూపగలదు. కదలు వస్తువులకు ఆ బలము అక్కరకు రాదు.

2018–2019 సంవత్సరములలో వచ్చిన మూడు కెమేరాలు ఈ విషయమును చక్కగా బోధించును. సోనీ ఏ7ఆర్-4 ఫుల్ ఫ్రేము కెమేరాలో 6.1 కోట్ల పిక్సెళ్లు, ఫుజీఫిల్మ్ జి.ఎఫ్.ఎక్స్. 100లో 10.2 కోట్లు, 53.4 × 40 మి.మీ. చట్రము గల ఫేజ్ వన్ కెమేరాలో 15 కోట్లు. మూడింటను ఒక్కొక్క పిక్సెలు ప్రక్క కొలత ఒకటే, 3.76 మైక్రానులు. ఒకే నేతగుడ్డను మూడు కొలతలలో కోసినట్లున్నవి. నేతలో తేడా లేదు, తేడా గజములలోనే.

తాటియాకు మీద పరీక్ష

ఈ లెక్కను మన యింటి అవసరమునకు అన్వయింతము. మన ప్రాచీన గ్రంథములు అనేకము తాటియాకుల మీద కలవు. ఆకులు పెళుసెక్కి విరిగిపోవుచున్నవి. వానిని ఒక్కసారి చక్కగా చిత్రించి భద్రపరచుట మిక్కిలి అవసరము. మరొకసారి తీయుటకు ఆకు మిగులకపోవచ్చును. దీనికి ఏ కెమేరా కొనవలెను?

ఆకు పొడవు 40 సెంటీమీటర్లనుకొందము. పైన చెప్పిన ఫుల్ ఫ్రేము కెమేరాలో పొడవు వైపున 9,504 పిక్సెళ్లున్నవి. సెంటీమీటరునకు సుమారు 237 వచ్చును. ఫుజీఫిల్మ్ కెమేరాలో 11,648 పిక్సెళ్లు, సెంటీమీటరునకు 291. లాభము నూటికి 23 పాళ్లు మాత్రమే. కారణమేమి? ఆకు పొడవైనది, వెడల్పు తక్కువది. 44 × 33 చట్రములోని అదనపు జాగా చాలవరకు నిలువున ఉన్నది. అది ఆకు పైనను క్రిందను ఉన్న బల్లను చిత్రించుటకే సరిపోవును. దానికి మారుగా ఫుల్ ఫ్రేము కెమేరాను స్తంభమునకు బిగించి, ఒక్కొక్క ఆకును కొంచెము అతుకు ఉండునట్లు రెండు భాగములుగా తీసి కలిపినచో వివరము దాదాపు రెండింతలగును. కాలమును, ఓపికయు కావలెను. ఖరీదైన సెన్సారు అక్కరలేదు.

అదే గ్రంథాలయమున విశాలమైన పాత పటమునో, చిత్రకారుని వర్ణచిత్రమునో తీయవలసినపుడు తీర్పు మారును. చతురస్రమునకు దగ్గరగానుండు వస్తువు 44 × 33 చట్రమును నిండుగా ఆక్రమించును. వస్తువు కదలదు, దీపములు మన చేతిలో ఉన్నవి. మధ్యమ చట్రము పెట్టుబడికి ప్రతిఫలమిచ్చు చోటు అదియే. బడి వార్షికోత్సవము, ఆటల పోటీలు, కొల్లేటి పక్షులు తీయువానికి ఫుల్ ఫ్రేము చాలును. ఇంటనున్న '4కె' తెర మీద చూపబడు పిక్సెళ్లు 83 లక్షలే గనుక, బొమ్మలను అచ్చట మాత్రమే చూడదలచినవానికి ఈ రెండింటి తేడా కనబడనేకనబడదు.

ఉపాధ్యాయులు ఈ పాఠమును గ్రాఫు కాగితము మీద చెప్పవచ్చును. 36 × 24, 44 × 33, 56 × 56 మి.మీ. దీర్ఘచతురస్రములను ఒకదానిపై ఒకటి గీయించి, గడులను లెక్కింపజేసి, వైశాల్యముల నిష్పత్తిని, దాని వర్గమూలమును కట్టించిన చాలును. తరువాత తాటియాకు ఆకారమును ఆ చట్రములలో అమర్చి చూపవలెను. చట్రము కొలత ఒకనాడు గాజు పలక, ఒకనాడు సగమునకు కోసిన ఫిల్ము, నేడు సిలికాను బిళ్ల నిర్ణయించినవి. ఎంపికను మాత్రము మనము తీయదలచిన వస్తువే నిర్ణయింపవలెను. వస్తువును కొలువక కెమేరాను కొనుట కాలు కొలువక చెప్పులు కొనుట వంటిది.