కోరంగిలో ఓడ ఆనిన చోటు

కోరంగి గురించి రాసేవాళ్లు తుఫానులతో మొదలుపెడతారు. 1789, 1839 ఉప్పెనలు ఊరిని తుడిచిపెట్టిన మాట నిజమే. కానీ మాది తాళ్లరేవు పక్క, పడవలు కట్టే వడ్రంగుల ఇల్లు. కోరంగి అనగానే మాకు ముందు తలపుకొచ్చేది మరమ్మతు పని. కలకత్తాకీ సింహళంలోని ట్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడ అడుగు బాగుచేయించుకోగల రేవుగా ఒకప్పుడు దీనికే పేరు. 1802లో ఎబెనెజర్ రోబక్ అనే ఇంగ్లీషాయన ఇక్కడ డాక్ కట్టించాడు, నౌకాదళం ఓడల కోసం కూడా.

నీళ్లలో ఉన్నంతసేపు ఓడ బరువు అడుగంతా పరుచుకుని ఉంటుంది. నీళ్లు తీసేస్తే ఆ బరువంతా కొన్ని దిమ్మల మీదికి దిగుతుంది. అవి ఎక్కడ పెట్టాలో తెలియకపోతే, తుఫానుకి చెక్కుచెదరని ఓడ ఒడ్డున ఊరికే నిలబడి పాడైపోతుంది. మధ్యలో మాత్రమే ఆనితే రెండు కొసలూ వాలతాయి. కొసలు మాత్రమే ఆనితే నడుము కుంగుతుంది.

బురద ఏరులో ఓడని దిమ్మల మీదికి ఎక్కించడానికి మట్టి డాకే దారి. ఒడ్డున గొయ్యి తవ్వి, పున్నమికో అమావాస్యకో పెద్ద పోటు వచ్చినప్పుడు ఓడని లోపలికి తేల్చి, మూతికి మట్టికట్ట వేసి, నీళ్లు తోడేస్తారు. నీళ్లతోపాటు ఓడా దిగుతుంది. అసలు పనితనమంతా ఆ కాసేపట్లోనే. ముందే పేర్చిన దిమ్మల మీద అడుగు దూలం సరిగ్గా కూర్చునేలా తాళ్లతో సర్దాలి. ఒరగకముందే రెండు పక్కలా ఊతకర్రలు పడాలి. ఇటు ఊత బిగించినప్పుడే అటూ బిగించాలి, లేకపోతే ఓడని మనమే తోసినట్టు.

ట్రింకోమలీ నౌకాస్థావరంలో ఓడల నిర్మాణం చూసిన జాన్ ఈడీ, 1834లో అచ్చయిన వ్యాసంలో కోరంగి ధోనీ అనే ఓడ కొలతలు ఇచ్చాడు. పొడవు సుమారు 70 అడుగులు, వెడల్పు 20, లోతు 12. అడుగు బల్లపరుపు, బాగా వెడల్పున్న చోట 7 అడుగులు. ఆ 7 అడుగుల దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఎదురుగాలిలో అలాంటి అడుగు ఓడని పక్కకి జార్చేస్తుంది. కానీ ఇసుక మేటల ఏట్లో పాటు వేళ నేలకి ఆనినా ఒరగదు, దిమ్మలెక్కితే స్థిరంగా కూర్చుంటుంది. నా లెక్కలో అది తెలిసి చేసిన బేరం. ఆ ఓడ కట్టినవాడు సముద్రంతోపాటు ఒడ్డునీ మనసులో పెట్టుకున్నాడు.

మా తాత పడవని దిమ్మల మీద నిలబెట్టాక ముక్కు నుంచి వెనకదాకా అడుగు దూలం పక్కనే దారం లాగేవాడు. దూలానికీ దారానికీ మధ్య వేలు పెట్టుకుంటూ పొడుగునా నడిచేవాడు. మర్నాడు పొద్దున్న మళ్లీ అదే పని, ఎందుకంటే బురదనేలలో దిమ్మ రాత్రికి రాత్రి దిగుతుంది. తర్వాత పక్క ఊతల్ని కొయ్యసుత్తితో కొట్టి మోత వినేవాడు. కంచులా మోగితే ఆ కర్ర బరువు మోస్తోందన్నమాట, వెంటనే కాస్త వదులు చేయించేవాడు. మోయాల్సింది దూలం, పక్క ఊత పని పడవని ఒరగనివ్వకపోవడం వరకే. ఆ ఊత కూడా లోపల పక్కటెముకలా ఉండే వంకకర్ర ఉన్న చోటే పడాలి. అందుకని ఒక మనిషి లోపలికి దిగి వంకకర్ర మీద కొడుతుంటే, బయట తాత సుద్దతో గీతలు పెట్టేవాడు.

తర్వాత కోరంగి ఏరు పూడిపోయింది, వ్యాపారం కాకినాడకి తరలింది. 1979లో మద్రాసు కేంద్రంగా ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మొదలుపెట్టిన బంగాళాఖాతం కార్యక్రమం, ఒడ్డుకి లాగే బోట్ల నమూనాలు చేయించింది. ఇప్పుడు తీరమంతా ఫైబర్ బోట్లే. నా చేతికి వచ్చేవీ అవే, వాటిని మోసే ట్రెయిలర్లూనూ.

ట్రెయిలర్ మీద రోలర్లు దూలం ఉన్న కర్రపడవకి బాగుంటాయి. పలచటి ఫైబర్ అడుగుని మాత్రం రోలర్ ఒక్కచోటే నొక్కుతుంది, అక్కడ సొట్ట పడుతుంది. నేనైతే పొడుగాటి బల్లలే వేస్తాను. అవి బోటు లోపల నిలువునా సాగే గట్టి పట్టీల కిందే నడవాలి. ఇంజను వేలాడే వెనక పలక అంచుదాకా చేరాలి. చాలామంది అక్కడే జానెడు తక్కువ వేస్తారు. ఇంజను బరువుకి బల్ల అంచు దాటిన అడుగు కొద్దికొద్దిగా కిందికి వంగుతుంది. ఆ వంపు పడ్డ బోటు వేగం పెంచినప్పుడల్లా ముక్కు నీళ్లలోకి దించుకునే పరిగెడుతుంది. ఇంజను ఎన్నిసార్లు మార్చినా అది పోదు.