జల ద్రావణం

నీరు ద్రావణిగా ఉన్న సజాతీయ మిశ్రమం జల ద్రావణం. తెలుగులో మంచూ కరుగుతుంది, ఉప్పూ కరుగుతుంది. మాట ఒకటే అయినా జరిగే పనులు వేరు. వేడితోనే ఉప్పును ద్రవంగా మార్చాలంటే 801 డిగ్రీల సెల్సియస్ కావాలి. అదే ఉప్పు చెంబెడు చన్నీళ్లలో కాసేపటికే కలిసిపోతుంది. ఉప్పును అలా కలుపుకునే శక్తి నీటి అణువు ఆకారంలో ఉంది.

నీటి అణువులో రెండు హైడ్రోజన్లు 104.5 డిగ్రీల కోణంలో వంగి ఉంటాయి. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తన వైపు లాక్కోవడంతో అటు కొద్దిపాటి రుణావేశం, హైడ్రోజన్ల వైపు ధనావేశం ఏర్పడతాయి. ఉప్పురవ్వ నీళ్లలో పడగానే ఈ అణువులు సోడియం అయాన్ల వైపు ఆక్సిజన్‌ను, క్లోరైడ్ అయాన్ల వైపు హైడ్రోజన్‌ను తిప్పి చుట్టుముడతాయి. అంచుల నుంచి ఒక్కొక్కదాన్నే ఊడదీస్తాయి. ఇలా చుట్టుముట్టడాన్ని ఆర్ద్రీకరణం అంటారు. పైగా నీటిలో ఆవేశాల మధ్య ఆకర్షణ, శూన్యంలో ఉండేదానిలో సుమారు 80వ వంతుకు పడిపోతుంది.

శక్తి లెక్క చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఒక మోల్ ఉప్పు స్ఫటికాన్ని అయాన్లుగా విడదీయడానికి సుమారు 787 కిలోజౌళ్లు కావాలి. ఆర్ద్రీకరణంలో తిరిగి వచ్చేది అంతకు దాదాపు 4 కిలోజౌళ్లు తక్కువ. ఆ లోటును నీరే తన వేడితో పూడుస్తుంది, అందుకే కొద్దిగా చల్లబడుతుంది. లోటున్నా ఉప్పు కరగడానికి కారణం ఎంట్రోపీ: బారులు తీరిన అయాన్లు నీరంతటా చెదిరిపోవడం.

పంచదార అయాన్లుగా విడిపోదు, అణువులుగానే కలుస్తుంది. కాబట్టి ఉప్పునీటిలా పంచదార నీరు విద్యుత్తును మోయలేదు. ఈ తేడాకు వివరణ స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్ పరిశోధనతో మొదలైంది. 1884లో ఆయన సమర్పించిన సిద్ధాంత గ్రంథానికి ఉప్సలా పరీక్షకులు తక్కువ శ్రేణి ఇచ్చారు. అదే కృషికి 1903లో నోబెల్ వచ్చింది.

100 గ్రాముల నీటిలో 25 డిగ్రీల వద్ద 36 గ్రాముల ఉప్పు కరుగుతుంది, మరిగే నీటిలో 39 గ్రాములే. అందువల్ల వేడి ద్రావణాన్ని చల్లార్చితే చేతికొచ్చే ఉప్పు స్వల్పం. నీటిని ఆవిరి చేయాల్సిందే. నౌపడా, చినగంజాం ఉప్పు మడుల్లో ఎండ చేసే పని ఇదే. సముద్రపు నీరు చిక్కబడుతుంటే ముందు జిప్సం, తరువాత ఉప్పు పేరుకుంటాయి. మెగ్నీషియం లవణాలు చివరిదాకా నీటిలోనే ఉంటాయి. ఆ చేదు నీటిని పూర్తిగా ఇంకనిస్తే ఉప్పు చేదెక్కుతుంది, గాలిలోని తేమను పీల్చి చెమ్మగిల్లుతుంది.

వాయువుల తీరు వేరు. వేడి పెరిగితే అవి తక్కువగా కరుగుతాయి. లీటరు మంచినీటిలో గాలి నుంచి చేరగల ఆక్సిజన్ 0 డిగ్రీల వద్ద 14.6 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల వద్ద 7.6 మాత్రమే. ఉప్పునీటిలో ఇంకా తక్కువ. రొయ్యల చెరువుల్లో ఈ కొరత రాత్రిళ్లు ముదురుతుంది: చీకటి పడితే నాచు ఆక్సిజన్ ఇవ్వడం మానేస్తుంది, రొయ్యలు పీల్చడం మానవు. భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో రాత్రంతా నీటికి గాలి కలిపే ఏరేటర్లు తిరిగేది అందుకే.