కాళిందా, కమలా?

వేసవి సెలవుల్లో దుగ్గిరాల పిల్లలకు నటన నేర్పాలంటే ఏ ఘట్టం ఎంచాలి? అడగడమే తరువాయి, మా తెనాలివైపు పెద్దలు కృష్ణరాయబారం పద్యం ఎత్తుకుంటారు. పద్యం మంచిదే. కానీ పదిహేనేళ్ళ ఆడపిల్ల అందులో నోరు విప్పే చోటేదీ?

ఆ రోజుల్లో ఆడవేషానికి ఆడదాని అవసరమే ఉండేది కాదు. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషానికే పేరుమోసి, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. మగవాళ్ళు పలికిన ఆ మాటలు ఇప్పుడు మన పిల్లలే పలకవచ్చు.

నా ఓటు కాళ్ళకూరి నారాయణరావుగారి ‘వరవిక్రయం’కే. కట్నం కోసం తండ్రి ఆస్తి అమ్ముకుంటుంటే చూడలేక పెద్దకూతురు కాళింది ప్రాణం తీసుకుంటుంది. 1939లో సినిమాగా తీసినప్పుడు ఆ వేషంతోనే తెరకెక్కిన భానుమతి అప్పటికింకా పదిహేనేళ్ళు దాటని పిల్ల!

కాళింది ఘట్టానికి కన్నీళ్ళూ వస్తాయి, చప్పట్లూ పడతాయి. నేను మాత్రం చెల్లెలు కమల ఘట్టమే ఇస్తాను. డబ్బు పోసి కొనుక్కున్నాం గనుక మొగుడే మా ఇంటికి రావాలని కోర్టులో వాదిస్తుంది కమల. ఆ మాటలనడానికి ఏడుపు పనికిరాదు. గొంతు వణక్కూడదు, చూపు దించకూడదు.

కట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. కట్నం మాత్రం పోలేదు. రేపు పెళ్ళిచూపుల్లో కూర్చోవలసిన పిల్లచేత ఆ మాటలు ఒక్కసారైనా గట్టిగా అనిపిద్దాం. పద్యాలంటారా, వచ్చే వేసవికి నేర్పుకోవచ్చు లెండి.