లాగెడు బండి, లాగబడు బండి

అమెరికా సంయుక్త రాష్ట్రములలో యూటా యను రాష్ట్రమున మోయాబ్ అను చిన్న పట్టణ మొకటి కలదు. ఎఱ్ఱని రాతికొండల నడుమ నున్న ఆ ఊరికి పోవు బాటలపై వసంతకాలమున ఒక చిత్రమైన దృశ్యము కానవచ్చును. ముందొక మోటారు బండి పోవుచుండును. దానిలో భార్యాబిడ్డలతో గృహస్థుడు కూర్చుండి యుండును. దాని వెనుక, ఇనుప కడ్డీతో బంధింపబడి, ఒక జీపు వచ్చుచుండును. ఆ జీపులో మనిషి లేడు. ఇంజను చప్పుడు లేదు. అయినను నాలుగు చక్రములును నేలపై దొరలుచునే యుండును. ముందుబండి మలుపు తిరిగినచో జీపు ముందుచక్రములును తమంతట తామే మలుపు తిరుగును. మొదటిసారి చూచినవానికి ఇది భూతము తోలుచున్న బండివలె తోచును.

చెడిపోయిన బండిని త్రాటితో కట్టి మరమ్మతు దుకాణమునకు చేర్చుట మనమెఱిగినదే. కాని ఇది అట్టిది కాదు. ఈ జీపు చెడిపోయినది కాదు. కొండదారులలో ముందుబండికంటె ఎంతయో సమర్థమైనది. ఏ బండినైనను ఇట్లు వందల మైళ్లు లాగుకొనిపోవుటకు వీలు లేదు. జీపునకు ఆ వీలు ఎట్లు కలిగినది? లాగుటకై పుట్టిన బండి లాగబడు బండిగా ఎట్లు మారినది? ఈ ప్రశ్నలకు ఎనిమిది దశాబ్దులకు పైబడిన చరిత్రలో సమాధానము కలదు.

మొదట చిక్కేమో గ్రహింపవలెను. మోటారు బండిలో ఇంజను శక్తి గేరుపెట్టె గుండా చక్రములకు చేరును. బండిని వెనుక కట్టి లాగునపుడు చక్రములే ఆ పెట్టెలోని భాగములను త్రిప్పజూచును. తనంతట గేర్లు మార్చుకొను ఆటోమాటిక్ గేరుపెట్టెలలో నూనెను పంపు చేయునది సాధారణముగా ఇంజను. ఇంజను నిద్రించుచుండగా లోపలి పళ్లచక్రములు నూనె లేక తిరిగినచో, కందెన లేని బండి ఇరుసు గతియే వానికి పట్టును. కొన్ని మైళ్లకే వేడెక్కి అరిగి పాడగును. కావుననే అనేక కార్లను ట్రెయిలరు పైకెక్కించియో, రెండు చక్రములనైనను పైకెత్తియో తీసికొనిపోవలసి యుండును. నాలుగు చక్రములును నేలపై నుంచి లాగవలెనన్నచో, చక్రములకును గేరుపెట్టెకును గల సంబంధమును తెంపగల ఉపాయము బండిలోనే ఉండవలెను. జీపులో అది కలదు. దాని పేరు ట్రాన్స్‌ఫర్ కేసు. అనగా గేరుపెట్టె నుండి వచ్చిన శక్తిని ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును పంచియిచ్చు పెట్టె.

నాలుగు చక్రములకును శక్తినందించు ఆలోచన జీపుతో పుట్టినది కాదు. హాలండు దేశమున స్పైకర్ సంస్థ 1903లోనే అట్టి కారును నిర్మించినది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రమందలి క్లింటన్‌విల్ అను గ్రామమున ఆటో జాకో, విలియం బెసర్డిక్ అను ఇరువురు యంత్రజ్ఞులు 1908 ప్రాంతమున అట్టి బండిని తయారుచేసిరి. వారి కృషి నుండి వెలసిన సంస్థ లారీలు మొదటి ప్రపంచయుద్ధమున సైన్యములకు తోడ్పడినవి. అవి పెద్ద లారీలు. బురదలో పరుగెత్తి, మనుష్యులు చేతులతో ఎత్తి గట్టుదాటింపగల చిన్న బండి అప్పటికింకను లేదు.

1940 వేసవిలో ఐరోపాలో ఫ్రాన్సు పతనమైనది. అమెరికా సైన్యము మేలుకొని, తేలికైన నాలుగుచక్రముల చోదకము గల బండి కావలెనని 135 సంస్థలకు వర్తమానము పంపినది. గడువు అతిస్వల్పము. మాదిరి బండిని 49 దినములలో అప్పగింపవలెను. బరువు 1,300 పౌనులకు, అనగా సుమారు 590 కిలోలకు, మించరాదు. ఇంచుమించు అందరును వెనుకకు తగ్గిరి. ముందుకు వచ్చినవారిలో ఆ గడువునకు ఒప్పుకొన్నది పెన్సిల్వేనియా రాష్ట్రములోని బట్లర్ పట్టణమందలి అమెరికన్ బాంటం అను చిన్న సంస్థ యొక్కటే. అది అప్పటికే దివాలా అంచున నిలిచియున్నది. డెట్రాయిట్ నుండి కార్ల్ ప్రోబ్‌స్ట్ అను ఇంజనీరును పిలిపించిరి. ఆయన కొలది దినములలోనే నకళ్లు గీచి ముగించెను. 1940 సెప్టెంబరు 23వ తేదీన, గడువు తీరుటకు కొంచెము ముందుగా, మాదిరి బండి మేరీలాండులోని హోలబర్డ్ సైనిక శిబిరమునకు చేరినది. సైన్యము కోరిన బరువు ఏ ఇంజనీరునకును సాధ్యము కానిదని తేలిపోయినది. తుదకు పరిమితిని 2,160 పౌనులకు పెంచవలసివచ్చెను.

ఆ పిమ్మట జరిగినది బాంటం సంస్థకు విషాదకరము. అంత చిన్న కర్మాగారము యుద్ధమునకు కావలసినన్ని బండ్లను తయారుచేయజాలదని సైన్యాధికారులు తలంచిరి. బాంటం బండిని విల్లీస్, ఫోర్డు సంస్థల ఇంజనీర్లు పరిశీలించుటకు అవకాశ మిచ్చిరి. విల్లీస్ వారి బండికి 60 గుఱ్ఱముల బలము గల గట్టి ఇంజను ఉండెను. 1941లో పెద్ద ఒప్పందము విల్లీస్ వారికి దక్కెను. వారి నమూనాలోనే ఫోర్డు వారును బండ్లను చేసిరి. యుద్ధము ముగియునాటికి ఈ రెండు సంస్థలును కలిసి ఆరు లక్షలకు పైగా జీపులను నిర్మించినవి. బాంటం వారికి మిగిలినవి మూడువేలలోపు బండ్లు మాత్రమే. తరువాత ఆ సంస్థకు లభించిన పనులలో ముఖ్యమైనది, జీపు వెనుక కట్టి లాగు చిన్న ట్రెయిలరులను తయారుచేయుట. బండిని ముందుగా లోకమునకు చూపినవారు, పరులు నిర్మించిన ఆ బండి వెనుక దొరలు తొట్లను చేయుచు యుద్ధకాలము గడపిరి. లాగెడు బండికిని లాగబడు బండికిని గల సంబంధమునందు ఇంతకు మించిన విధివైపరీత్యము మరొకటి లేదు.

యుద్ధరంగమున జీపు ముఖ్యముగా లాగెడు బండియే. వెనుకభాగమున దానికి గట్టి కొక్కెము ఉండెను. దానితో పావు టన్ను ట్రెయిలరును లాగినది. 37 మిల్లీమీటర్ల ట్యాంకు నిరోధక ఫిరంగిని లాగినది. బరువు మరింత ఎక్కువైనచో ముందు బంపరునకు ఇనుపకడియమును బిగించి, ఒక జీపు వెనుక మరొక జీపును కట్టి, రెండును కలిసి లాగు ఏర్పాటునుకూడ విమానదళముల సైనికులు చేసికొనిరి. ఎత్తైన గట్టు ఎక్కునపుడు మన రైతు కాడియెద్దుల ముందు మరొక జతను పూన్చుటవంటి యుపాయ మిది.

ఆ జీపు నేలపై మూడు లీవర్లుండెడివి. ఒకటి సాధారణమైన గేరులీవరు. రెండవది ముందు ఇరుసును కలుపుటకు, విడదీయుటకు. మూడవది ఎక్కువ వేగము, తక్కువ వేగము అను రెండు స్థానముల నడుమ తిరుగునది. ఆ రెంటి మధ్య న్యూట్రల్ అను మరియొక స్థానము ఉండెను. లీవరు అచ్చట నిలిచినచో గేరుపెట్టెకును ఇరుసులకును సంబంధము తెగిపోవును. యుద్ధానంతరము 1945లో విల్లీస్ వారు రైతులకై సి.జె.-2ఏ అను పౌరజీపును విడుదల చేసినపుడు ఈ స్థానమునకు పని పెరిగినది. జీపు కదలక నిలిచియుండగానే దాని ఇంజను బలమును ఱంపమునకో నీళ్ల పంపునకో అందించుటకు అది ఉపకరించెను. బండి నిలిచియుండగా ఇంజను పనిచేయుట ఆనాటి యవసరము. ఇంజను నిలిచియుండగా బండి నడచుట నేటి యవసరము. రెండింటికిని అదియే తాళపుచెవి. ఒక పనికి పనికివచ్చిన యేర్పాటు ఎవరును తలపోయని మరియొక పనికి అక్కరకు వచ్చుట యంత్రముల చరిత్రలో పలుమారులు కనబడును. ఇది అట్టి వానిలో నొకటి.

యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికులు జీపును మఱవలేదు. మిగులు జీపులను కొని కొండలు, ఎడారులు త్రొక్కజొచ్చిరి. కాలిఫోర్నియాలోని రూబికాన్ అను కఠినమైన రాతిదారిలో 1953లో జీపుల జాతర ఆరంభమైనది. మోయాబ్‌లో 1967 నుండి ఈస్టరు పండుగనాళ్లలో జీపు యాత్ర సాగుచున్నది. అయితే కొండదారిలో సింహమైన ఈ బండి రాచబాటపై ప్రయాణికునకు సుఖమిచ్చునది కాదు. వేగము తక్కువ, చప్పుడెక్కువ, కుదుపు మరీయెక్కువ. పైగా రాళ్లలో ఏదేని విరిగినచో తిరిగి ఇల్లు చేరు దారి యుండదు. ఆర్థర్ వార్న్ అను నాతడు 1948లో, ముందు ఇరుసు వృథాగా తిరుగకుండ చక్రముల నుండి విడదీయు బిళ్లలను తయారుచేసి రాచబాటపై జీపు ప్రయాణమును కొంత సుగమము చేసెను. అంతకంటె సుఖమైన మార్గము, జీపును మరొక బండి వెనుక కట్టి కొండ మొదలు వరకు తెచ్చుకొనుట. ఇట్లు లాగెడు బండి లాగబడు బండి యయ్యెను.

మన దేశమున ఈ యాచారము పాదుకొనలేదు. దానికి కారణమును జీపు చరిత్రలోనే ఉన్నది. బొంబాయిలో మహీంద్రా వారు 1947లో విల్లీస్ జీపుల కూర్పు ఆరంభించిరి. 1952లో సమాజ వికాస పథకము వచ్చిన తరువాత తెలుగు గ్రామములకు బ్లాకు అధికారి జీపులోనే వచ్చెను. పొలముగట్టుపైనను, జిల్లా కేంద్రమునకు పోవు బాటపైనను, ఎన్నికల ప్రచారమునను అదియే బండి. దానిని లాగుకొనిపోవుటకు మరొక మంచి బండి ఎవరికున్నది? అమెరికాలో జీపు విహారమునకు సాధనము. మనకు అది చాలకాలము ప్రభుత్వమునకు కాళ్లు.

ఇక వర్తమానమునకు వత్తము. యుద్ధకాలపు జీపు బరువు సుమారు 1,100 కిలోలు. దాని వారసుడైన నేటి రాంగ్లర్, రెండు తలుపులది సుమారు 1,800 కిలోలు. నాలుగు తలుపులది రెండు టన్నులకు అటునిటుగా తూగును. ఒకనాడు వీనిని లాగుటకు పెద్ద లారీలను, ఇల్లువంటి మోటారు బండ్లను వాడెడివారు. నేడు అనేక కుటుంబములకున్నది మధ్యరకపు ఎస్.యు.వి. వానిలో కొన్నిటి లాగుడు పరిమితి 3,500 పౌనులు, అనగా 1,588 కిలోలు. ప్రత్యేకమైన ఏర్పాటు గల కొన్నిటికి 5,000 పౌనులు, అనగా 2,268 కిలోలు. మొదటి రకమునకు రెండు తలుపుల జీపు సైతము మించిన బరువే. రెండవ రకమునకు లెక్కలో సరిపోవును. కాని ఆ లెక్కలో ముందుబండిలోని మనుష్యులు, సామాను, జీపులో నింపిన పనిముట్లు చేరినవా? రెండు బండ్లకును కలిపి నిర్మాతలు విధించిన మొత్తపు పరిమితి మరొకటి కలదు. దానిని చూడక, ఒక్క అంకెను చూచి బయలుదేరువారు పలువురు.

అసలు ప్రమాదము లాగుటలో లేదు, ఆపుటలో ఉన్నది. పల్లపు బాటలో నిండుబండి ఎద్దుల మెడలపైకి త్రోసికొనివచ్చుట మన బండివాని కనుభవమే. అతడు క్రిందికి దిగి చక్రమునకు అడ్డుకొయ్య వేయును గాని ఎద్దులను నమ్మి ఊరకుండడు. ఇచ్చటను అంతే. ఇంజను ఆగియున్న జీపులో బ్రేకునకు తోడ్పడు బలము పనిచేయదు. తన బరువునకు తగినట్లు చేసిన ముందుబండి బ్రేకులే రెండు టన్నుల అదనపు బరువును ఆపవలసివచ్చును. వేగము రెండింతలైనచో ఆపవలసిన శక్తి నాలుగింతలగును. కావుననే జీపు బ్రేకును ముందుబండి బ్రేకుతోపాటు నొక్కు ప్రత్యేక యంత్రము అవసరము. కడ్డీ తెగినచో జీపు దానంతట ఆగు ఏర్పాటును, రెండు గొలుసులును ఉండవలెను. కడ్డీ నేలకు సమముగా నుండవలెను. మరియొక నియమము: ఇట్లు కట్టిన బండిని వెనుకకు నడపరాదు. నడపినచో జీపు ముందుచక్రములు అడ్డముగా మరలి కడ్డీని విఱుచును.

బయలుదేరుటకు ముందు చేయవలసిన పనియును ఒక క్రమము కలది. ట్రాన్స్‌ఫర్ కేసును న్యూట్రల్‌లో నిలుపవలెను. ఆటోమాటిక్ గేరుపెట్టెను పార్కు స్థానమున ఉంచవలెను; చేతితో మార్చు గేరు గలదైనచో ఏదో యొక గేరులో ఉంచవలెను. అట్లున్నను బండి సులభముగా దొరలినచో సంబంధము తెగినదని యర్థము. స్టీరింగునకు తాళము పడకుండ చూడవలెను. ఈ క్రమములో ఒక్కటి తప్పి, న్యూట్రల్‌కు మారుగా గేరులోనే నిలిచిపోయినచో, కొలది మైళ్లలో వేలకొలది డాలర్ల యంత్రము బూడిదయగును. జీపు వెంటవచ్చు పుస్తకమున ఈ క్రమమంతయు వివరముగా ముద్రింపబడియుండును. చదువుటకు పట్టునది పది నిమిషములు.

బట్లర్ పట్టణమందలి ఇంజనీర్లు ఒక్కొక్క పౌను బరువును లెక్కించుచు రాత్రింబవళ్లు గడపిరి. ఆ బండికి ఎంత బరువు లాగించవచ్చునో, ఎంత బరువుతో అది నడువగలదో వారు మఱవలేదు. వారి బండిని నేడు విహారార్థము వెనుక కట్టుకొనిపోవువారు ఆ లెక్కను మాత్రము మఱచుటకు వీలులేదు. ముందుబండి చక్రము చేతనున్న గృహస్థునకు వెనుకవచ్చుచున్న బండిలో ఎవరును కనబడరు. కాని దాని బరువంతయు పల్లములో ఆతని బిడ్డల వీపులపైకే వచ్చును.